పళ్ళ డాక్టరుగారి విమానానికి దగ్గు

పళ్ళ డాక్టరుగారి విమానానికి దగ్గు ఆదివారాలే వచ్చేది. మిగతా ఆరు రోజులూ అంత ఆరోగ్యవంతమైన యంత్రం ఆ విమానాల మైదానం మొత్తం మీద ఇంకోటి లేదు. సోమవారం పొద్దున్నే ఆయన దాన్ని తెచ్చి మెకానిక్కమ్మ షెడ్డు ముందు నిలబెట్టి, "నిన్న మళ్ళీ వచ్చిందమ్మా! నలభై నిమిషాలు బాగానే ఉంది, ఆ తర్వాత ఒళ్ళంతా ఒకటే వణుకు" అని చెప్పేవాడు. ఆవిడ ఇంజను తిప్పి చూస్తే అది ఏమీ ఎరగనట్టు, కొత్త కుట్టుమిషనులా టకటకా ఆడేది.

మెకానిక్కమ్మ అన్నది మైదానంలో అందరూ పిలిచే పేరు. నలుగురు కూర్చునే సొంత విమానాల ఇంజన్లు విప్పి బిగించడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే షెడ్డు, అదే రేకుల కప్పు, చేతి గోళ్ళ కింద అదే నలుపు. పళ్ళ డాక్టరు ఆవిడకు స్వయానా అక్క మొగుడు. చిక్కంతా అక్కడే వచ్చింది. పరాయివాడైతే "ఇంజనుకేం లేదండీ, వెళ్ళిరండి" అని పంపేయొచ్చు. బావగారిని అలా పంపితే ఆ మాట పది నిమిషాల్లో అక్క చెవిన పడుతుంది, మరో పది నిమిషాల్లో ఫోను మోగుతుంది.

బావగారు చెడ్డవాడేమీ కాదు. పళ్ళ గురించి ఆయనకు పూర్తిగా తెలుసు, మిగతా లోకం గురించి అంతకన్నా ఎక్కువ తెలుసు. పైగా శుభ్రం మనిషి. తన విమానం ఉండే షెడ్డు నేలకి ఆ ఏడాదే తెల్లరంగు వేయించాడు. లోపలికి ఎవరైనా రావాలంటే చెప్పులు బయట విప్పాలి. మెకానిక్కమ్మ ఒకసారి వెళ్ళి, గుమ్మం దగ్గరే ఆగిపోయి, ఆపరేషను గదిలా ఉంది అనుకుని వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాత నుంచి విమానాన్నే తన దగ్గరికి తెమ్మంది. చేసిన తప్పుల్లో అది మొదటిదని ఆవిడకు అప్పుడు తెలియదు.

మొదటి సోమవారం ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ విప్పింది. ఒక్కొక్కటీ చెప్పి చేయించినట్టు గోధుమరంగులో ఉంది. రెండో సోమవారం ఆ ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే మాగ్నెటోలు రెండూ చూసింది. మూడోసారి వైర్లు, కార్బురేటరు, నాలుగు సిలిండర్లలో గాలి ఒత్తిడి. పెట్రోలు అడుగు నుంచి గాజుగ్లాసులోకి వంపి, నీళ్ళ చుక్క కోసం వెలుతురుకి పెట్టి చూసింది. ప్రతిసారీ టాంకుల మూతలు తీసి లోపలికి తొంగిచూసింది. ప్రతిసారీ తనే ఒక గంట పైకెక్కి తిప్పి తెచ్చింది. కుదుపు మాట అటుంచి, చిన్న తుమ్ము కూడా లేదు.

బావగారు ఈలోపు ఊరికే కూర్చోలేదు. ఫోనులో విమానాల వాళ్ళంతా పోగై సలహాలిచ్చుకునే చోటు ఒకటి కనిపెట్టాడు. అక్కడివాళ్ళు ఇంజను చూడకుండా, శబ్దం వినకుండా, మొత్తం నలభై మూడు కారణాలు తేల్చేశారు. ఆయన వాటిని అచ్చువేయించి, పక్కన టిక్కు పెట్టుకోవడానికి గళ్ళతో సహా తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"ఇరవై ఏడోది చూడమ్మా. వాల్వు అంటుకుపోవడం."

"వాల్వులు పోయిన వారమే చూశాను బావగారూ."

"ముప్ఫై ఒకటి?"

ముప్ఫై ఒకటిలో 'ప్రయాణికుల వల్ల కలిగే అదురు' అని ఉంది. ఆయన గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాలంటే, మీ అక్క ఎక్కినప్పుడే వస్తోందమ్మా. నేనొక్కణ్ణే తిరిగితే ఏమీ ఉండదు."

"అయితే అక్కని విప్పి చూడమంటారా?"

బావగారు నవ్వలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, మైదానానికి అవతల వైపున్న పెద్ద షెడ్డుకి పోయాడు. అక్కడ ఏసీ ఉంటుంది, అతిథులకు సోఫాలుంటాయి, మెకానిక్కులు ఇస్త్రీ చొక్కాలు వేసుకుంటారు. వాళ్ళు కార్బురేటరు మార్చారు, మాగ్నెటోలు రెండూ మార్చారు, జబ్బు నయమైందని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. ఆ కాగితం ఆరు రోజులు పనిచేసింది. ఏడోరోజు ఆదివారం.

అప్పుడైనా పెద్ద షెడ్డు వాళ్ళని తిట్టాలి కదా! తిట్టలేదు. క్లబ్బులో కూర్చుని, "అసలు మొదట మా మరదలే సరిగ్గా పట్టుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు" అన్నాడు. పాపం, బాధతోనే అన్నాడు. ఆ మాట మైదానమంతా తిరిగింది. పదేళ్ళుగా తన విమానాన్ని మెకానిక్కమ్మకు తప్ప ఎవరికీ ముట్టనివ్వని రిటైర్డు జడ్జిగారు ఒకరోజు వచ్చి, నిలబడే మాట్లాడాడు.

"నీ మీద నాకు పూర్తి నమ్మకముందమ్మా. అందులో సందేహం లేదు. కానీ ఈసారి వార్షిక తనిఖీ అవతల చేయించుకుంటాను."

పూర్తి నమ్మకం ఉన్నవాళ్ళు ఎలా మాట్లాడతారో ఆవిడకు ఆ రోజు తెలిసింది. "అలాగే సార్" అంది. ఆయన వెళ్ళాక స్పానరు తీసుకుని, బిగించి ఉన్న నట్టునే మళ్ళీ బిగిస్తూ చాలాసేపు నిలబడింది. ఎండలో, వానలో, పండులాంటి ఇంజన్లలో, తుప్పుబట్టిన ఇంజన్లలో ఆవిడ పట్టుకోలేని జబ్బు ఇన్నేళ్ళలో లేదు. ఇప్పుడు ఒక పళ్ళ డాక్టరు ఆదివారపు దగ్గు ఆవిడ పరువు తీసేస్తోంది. అన్నం తింటున్నా అదే ఆలోచన, పళ్ళు తోముకుంటున్నా అదే.

ఆ శనివారం మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. అక్క బావగారి ఆసుపత్రిలోనే ముందు బల్ల దగ్గర కూర్చుని రోగుల పేర్లు రాసుకుంటుంది, అంచేత మెల్లగా మాట్లాడటం అలవాటు.

"ఏమే, రేపు సముద్రం వైపు వెళ్తున్నాం. నువ్వూ రా."

"నాకు పనుందే."

"నీ పనే చెప్తున్నా. ఆ దగ్గేదో వచ్చేది నేను ఎక్కినప్పుడేనటగా? వచ్చి వెనక సీట్లో కూర్చుని నీ కళ్ళతో చూడు. ఆయనకి మాత్రం ముందు చెప్పకు. చెప్తే ఊరికే హడావిడి పడతారు."

ఆదివారం ఎనిమిదింటికి మెకానిక్కమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని ఆ తెల్లటి నేల మీద అడుగుపెట్టింది. బావగారు ఆవిణ్ణి చూసి ఎక్కబోతున్నవాడల్లా ఆగిపోయాడు.

"నువ్వేంటమ్మా ఇక్కడ?"

"సముద్రం చూడక చాలా రోజులైంది బావగారూ."

"ఓహో. మంచిదే. ఒక్క నిమిషం, ఎడమ రెక్క కింద ఒకసారి చూసొస్తాను."

"ఇప్పటికి రెండుసార్లు చూశారు కదండీ," అంది అక్క అప్పటికే బెల్టు పెట్టుకుని. "ఎండెక్కుతోంది, పదండి." ఆయన ఎడమ రెక్క వైపూ, మరదలి వైపూ ఒకసారి చూసి, గొంతు సవరించుకుని ఎక్కాడు.

మెకానిక్కమ్మ వెనక సీట్లో కూర్చుని ఒడిలో పుస్తకం తెరిచింది. "నేను లేననుకోండి. రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి" అంది. బావగారు అక్షరాలా అలాగే నడిపాడు. అంటే, పైకి లేచిన దగ్గర్నుంచి చిగుళ్ళ జబ్బుల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ, సరిగ్గా అవసరమైనచోట "ఊ" అంటోంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ "ఊ"ని ఆవిడ వినకుండానే సరైనచోట వేసే స్థాయికి తెచ్చుకుంది. మెకానిక్కమ్మ పుస్తకంలో రాసుకుంటోంది: టాంకు ఎడమ. ఎత్తు నాలుగున్నర వేల అడుగులు. ఇరవై నిమిషాలు, బాగుంది. ముప్ఫై నిమిషాలు, బాగుంది. అరగంటకోసారి ఎడమ టాంకు నుంచి కుడి టాంకుకి మార్చుకోవాలన్నది ఆ విమానానికి నియమం. బావగారు ఆ సమయానికి జ్ఞానదంతం పీకడంలో మెళకువల దగ్గర ఉన్నాడు. మార్చడం మరిచిపోయాడు. మెకానిక్కమ్మ చూసింది, కావాలనే ఊరుకుంది.

నలభై రెండో నిమిషంలో కాళ్ళ కింద నుంచి సన్నటి వణుకు పుట్టింది.

"చూశావా!" బావగారు సీట్లోంచి సగం వెనక్కి తిరిగాడు. ఆ ముఖంలో వెలుగు చూడాలి. పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినవాడికి కూడా అంత ఆనందం ఉండదు. "చూశావా! నేను చెప్తే నమ్మారా ఎవరైనా?"

"ముందుకి చూసి నడపండి," అంది అక్క.

వణుకు కుదుపైంది. కుదుపు కొట్టుడైంది. ముందున్న పంకా తిరుగుతున్న చప్పుడులో మధ్యమధ్య ఖాళీలు వినిపించాయి. ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి. బావగారి ముఖంలో వెలుగు ఆరిపోయింది. "ఇంత ఎక్కువ ఎప్పుడూ రాలేదు" అన్నాడు. ఎప్పుడూ ఈపాటికి ఇంజను వేగం తగ్గించి వెనక్కి తిరిగిపోయేవాడు. ఈరోజు మరదలికి తనివితీరా చూపించాలన్న ఉత్సాహంలో అలాగే లాగించాడు. కింద చూస్తే ఉప్పు మళ్ళు, వాటి మధ్య నీళ్ళు. దిగడానికి చాపంత చోటు లేదు.

ఆయన చెయ్యి మాగ్నెటో తాళం మీదికి పోయింది. తర్వాత కార్బురేటరుని వేడిచేసే మీటకి. పెదాలు కదులుతున్నాయి. నలభై మూడు కారణాలూ వరసగా గుర్తుచేసుకుంటున్నాడని మెకానిక్కమ్మకు అర్థమైంది.

"బావా, టాంకు మార్చు!"

మర్యాదలు చూసుకునే సమయం కాదది. ఆయనకి వినపడలేదు, లేదా విన్నా పదకొండో కారణం దగ్గర చిక్కుకుపోయాడు. ఆవిడ బెల్టు లాగేసుకుని ముందుకి వంగింది. చెయ్యి అందలేదు.

"అక్కా! సీట్ల మధ్యన ఎర్ర మీట! కుడి వైపుకి తిప్పు!"

"ఇదా?"

"అదే, గట్టిగా తిప్పు!"

అక్క రెండు చేతులతో పట్టుకుని తిప్పింది. పది సెకన్లు ఏమీ మారలేదు. ఆ పది సెకన్లలో మెకానిక్కమ్మ తను ఆ ఇంజనులో బిగించిన ప్రతి బోల్టునీ తలచుకుంది. ఆ తర్వాత ఇంజను గొంతు సవరించుకున్నట్టు ఒకసారి గట్టిగా దగ్గి, సర్దుకుని, మళ్ళీ కుట్టుమిషనైపోయింది.

చిగుళ్ళ జబ్బుల ప్రస్తావన మళ్ళీ రాలేదు.

సముద్రం పక్కన గడ్డి రన్‌వే మీద దిగేదాకా ఆవిడ పుస్తకంలో ఒక్కటే మాట రాసుకుంది: పెట్రోలు. ప్లగ్గులు కాదు, మాగ్నెటోలు కాదు. ఎడమ టాంకు నుంచి పెట్రోలు అందడం లేదు. బావగారు ఒక్కడే ఉంటే మాటల్లో పడడు, అరగంటకే టాంకు మారుస్తాడు, అందుకే దగ్గు రాదు. కానీ టాంకులో సగానికి పైగా ఉంది. ఉన్నది ఎందుకు రాదు?

దిగగానే రెక్కెక్కి ఎడమ టాంకు మూత తిప్పింది. అది ఎప్పటిలా తేలిగ్గా రాలేదు. రెండు చేతులూ పెట్టి తిప్పితే, టాంకు పెద్ద గుటక వేసినట్టు గాలిని లోపలికి లాక్కుంది. ఆ చప్పుడు అక్కకీ వినిపించింది. నాలుగు నెలలుగా ఎవరూ వినని చప్పుడు అది.

మెకానిక్కమ్మ కిందికి దూకి, వెల్లకిలా పడుకుని రెక్క కిందికి జరిగింది. టాంకుకి గాలి పీల్చుకునే గొట్టం ఒకటి ఉంటుంది, చిటికెన వేలంత. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ ఆ ఖాళీలోకి అందులోంచే గాలి రావాలి. రాకపోతే, మూత బిగించిన సీసాని గొట్టంతో పీల్చినట్టే. కాసేపు వస్తుంది, ఆ తర్వాత ఎంత పీల్చినా రాదు.

గొట్టం చివర గులాబీరంగులో, నున్నగా, అంచుకి సరిగ్గా సమంగా చెక్కి, మెరుగుపెట్టిన పూడిక ఉంది. పిప్పిపన్ను పూడ్చడంలో అంత పనితనం ఆవిడ ఇంతవరకు చూడలేదు.

"బావగారూ," అంది రెక్క కింద నుంచే. "ఇలా రండి."

ఆయన రాలేదు. ఎక్కడ నిలబడ్డాడో అక్కడి నుంచే మాట్లాడాడు. "అది కారుతోందమ్మా. ఎండకి పెట్రోలు ఉబ్బి, ఆ గొట్టంలోంచి చుక్కలు చుక్కలుగా కిందపడుతోంది. విమానం పెట్రోలు నీలం కదా, తెల్ల నేలంతా మరకలు. నేల కూడా ఎడమ పక్కకి కాస్త వాలి ఉంది కదా. అందుకని పళ్ళ అచ్చు తీసే ముద్ద కాస్త..."

"నాలుగు నెలలుగా?"

"నేలకి రంగు వేయించినప్పటి నుంచి."

"నా దగ్గరికి తెచ్చినప్పుడు ఇది లేదు. గొట్టంలోకి నేనే తీగ పెట్టి చూశాను."

"నీ దగ్గరికి తెచ్చేటప్పుడు తీసేసేవాణ్ణి. నువ్వు చూస్తే తిడతావని. నా షెడ్డుకి తీసుకెళ్ళాక మళ్ళీ పెట్టేవాణ్ణి. మరక సంగతి వేరు, ఇంజను సంగతి వేరు కదా అనుకున్నాను."

మెకానిక్కమ్మ రెక్క కింద అలాగే పడుకుని ఉండిపోయింది. కోపం వచ్చింది, నవ్వొచ్చింది. ఆ రెండిటి కన్నా అడుగున సిగ్గు ఉంది. ఇంజనుని ఆవిడ అడగని ప్రశ్న లేదు. మనిషిని మాత్రం "ఎప్పుడు వస్తోంది" అని ఒక్కటే అడిగింది. "తెచ్చే ముందు ఏం చేశారు" అని ఒక్కసారి అడిగి ఉంటే నాలుగు నెలలు మిగిలేవి. అసలు ఆ షెడ్డు గుమ్మం దగ్గర చెప్పులు విప్పడానికి బద్ధకించకపోతే, ఆ నేల వాలు చూసినా తెలిసేదేమో.

నవ్వింది మాత్రం అక్క. చక్రం పక్కన గడ్డిలో కూలబడి, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది.

"రోజూ వస్తారే మా దగ్గరికి ఇలాంటివాళ్ళు! ఆర్నెల్లు బ్రష్షు ముట్టుకోరు. కుర్చీ ఎక్కేముందు మా బాత్రూములోకి దూరి అరగంట తోముకుని వస్తారు. ఈయన నోట్లోకి చూసి, 'నన్ను మోసం చేద్దామనుకుంటున్నారా' అని అందరినీ కడిగేస్తారు." నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. భర్త వైపు చూసింది. "కింద నీళ్ళండీ. నేను చూశాను."

బావగారు వచ్చి రెక్క కింద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి పళ్ళు గీకే సన్నటి కొక్కెం తీశాడు. అది ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఆ గులాబీ ముద్దని ఒక్క ముక్క లోపల మిగలకుండా బయటికి లాగేశాడు. ఆ పని ఆయన చాలా బాగా చేశాడని మెకానిక్కమ్మ ఒప్పుకోక తప్పలేదు. అయినా తీగ పెట్టి తను మరోసారి చూసుకుంది. ఆ తర్వాత ఆయన్ని అక్క పక్కన కూర్చోబెట్టి, ఒక్కతే పైకెక్కి, గంటంబావు ఎడమ టాంకు మీదే రన్‌వే చుట్టూ తిరిగింది. ఇంజను కిక్కురుమనలేదు.

తిరిగొచ్చాక లాగ్‌బుక్కు దగ్గర మళ్ళీ పేచీ మొదలైంది. ఇంజనుకి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో అందులో రాసి సంతకం పెట్టాలి.

"'అన్యపదార్థం' అని రాయమ్మా. చాలు."

"ఏ పదార్థం, ఎవరు పెట్టారు అనేది కూడా రాయాలి బావగారూ. రేపు ఇంకొకడు ఈ పుస్తకం తెరిస్తే తెలియొద్దా?"

"కందిరీగలు గూడు కట్టాయని రాయకూడదా? అలా జరుగుతుందట కదా, ఫోనులో చదివాను."

"కందిరీగలు మెరుగుపెట్టవు."

ఉన్నదున్నట్టు రాసింది. ఆయన పక్కనే నిలబడి ప్రతి అక్షరం పడటాన్ని చూశాడు. ఇంకో షరతు కూడా పెట్టింది: క్లబ్బులో ఏ కుర్చీలో కూర్చుని ఆ మాటన్నాడో, ఆ కుర్చీలో కూర్చునే జరిగింది చెప్పాలి.

బావగారు కుర్చీలో కూర్చుని చెప్పలేదు. నిలబడి, తెర మీద బొమ్మలు వేసి, ముప్పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. 'టాంకులకూ ఊపిరి కావాలి' అని పేరు కూడా పెట్టాడు. దీర్ఘకాల పరిశోధన అన్నాడు, గగనతలంలో ప్రత్యక్ష పరీక్ష అన్నాడు, చివరికి ఒకానొక పదార్థం గొట్టంలో కనబడిందన్నాడు. చప్పట్లు కొట్టబోతుండగా వెనక వరసలోంచి అక్క లేచింది. మెల్లగా మాట్లాడే అలవాటు ఆవేళ పక్కన పెట్టింది.

"ఆ పదార్థం అక్కడికి ఎలా వచ్చిందో కూడా చెప్పండి."

బావగారు గ్లాసెత్తి నీళ్ళు తాగాడు, గ్లాసు కింద పెట్టాడు. "నేనే పెట్టాను" అన్నాడు. ఆపైన, "మా మరదలి తప్పేం లేదు. తన దగ్గర దాచాను" అన్నాడు. ఆ రెండు ముక్కలూ ఉపన్యాసంలో మిగతా భాగమంత గొప్పగా లేవు గానీ, గోడవారన నిలబడ్డ మెకానిక్కమ్మకు అవే వినిపించాయి. ఆయన చెవులు ఎర్రబడటం చూసి ఆవిడే తల తిప్పుకుంది.

మర్నాడు జడ్జిగారు వచ్చాడు. ఈసారి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నా బండి నువ్వే చూడమ్మా. రేపు తోయించుకొస్తాను."

"వద్దు సార్. నేనే మీ షెడ్డుకి వస్తాను. అంతవరకు దాన్ని తుడవకండి, కడగకండి, ఎక్కడ ఉన్నది అక్కడే ఉంచండి."

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు ఇతరుల సాక్ష్యాలు విన్న మనిషి తను చెప్పాల్సి వచ్చేసరికి మాటలు వెతుక్కున్నాడు.

"చిన్న సంగతి ఒకటుంది," అన్నాడు. "తిట్టనంటే చెప్తాను."

మెకానిక్కమ్మ బల్ల మీద పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసింది.

"చెప్పండి సార్. ముందు రాసుకుంటాను. తిట్టాలో వద్దో తర్వాత చూద్దాం."